ఇంట్లో ఆక్టోపస్ పెంపకం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంతవరకూ అక్వేరియం పెట్టలేదు. నేరుగా ఆక్టోపస్‌తోనే మొదలుపెట్టవచ్చా?

వద్దు. గప్పీలు, గోల్డ్‌ఫిష్ పెంచిన అనుభవం ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. ముందు ఉప్పునీటి ట్యాంకు పెట్టి, రెండు మూడు గట్టి చేపలతో కనీసం ఒక ఏడాది నడపండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక తుఫాను కరెంటు కోత తట్టుకుని ఆ ట్యాంకు నిలబడితే అప్పుడు ఆలోచించవచ్చు. మన రెండు జిల్లాల్లో ఎక్కువ మంది పొరబడేది ఒకే చోట. సముద్రం పక్కనే ఉంది కదా, నీళ్ళు తెచ్చుకుంటాం, జంతువునూ తెచ్చుకుంటాం, తిండి ఎలాగూ దొరుకుతుంది అనుకుంటారు. తిండి మాట నిజమే. మిగతా రెండూ అంత తేలిక కాదు.

ఎన్నాళ్ళు బతుకుతుంది?

ఇంట్లో పెంచగల చిన్న జాతులు చాలావరకు ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. సముద్రంలో పట్టిన పెద్దదాన్ని తెస్తే దాని ఆయుష్షులో సగానికి పైగా అప్పటికే గడిచిపోయి ఉంటుంది. అంటే మీ ఇంట్లో ఉండేది కొన్ని నెలలే. మనిషిని గుర్తుపట్టి, మీరు గదిలోకి రాగానే గాజు దగ్గరికి వచ్చే జీవి అది. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పి ఒప్పించాకే మొదలుపెట్టండి.

ఏ జాతి మంచిది?

మన దేశపు ట్రాలర్ల వలల్లో ఎక్కువగా పడేవి ఆంఫియోక్టోపస్ నెగ్లెక్టస్, ఆంఫియోక్టోపస్ మార్జినేటస్, ఆంఫియోక్టోపస్ ఏజినా, సిస్టోపస్ ఇండికస్. వీటిలో మార్జినేటస్ ఇంటి ట్యాంకుకు సరిపోయే పరిమాణం: తల సంచి 8 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఇసుకలో పూడుకుని కూర్చుంటుంది. సిస్టోపస్ చేతులతో కలిపి అర మీటరు దాటుతుంది, ఇంటికి పనికిరాదు. పుస్తకాల్లో, వీడియోల్లో కనిపించే కాలిఫోర్నియా రెండు చుక్కల ఆక్టోపస్ చల్లటి నీటిది. మన వేడిలో దాన్ని పెంచాలంటే చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) రాత్రింబవళ్ళు ఆగకుండా తిరగాలి.

రేవులో బతికున్నది కనిపిస్తే కొని తెచ్చుకోవచ్చా?

ట్రాల్ వలలో పడ్డదైతే వద్దు. గంటల తరబడి వలలో నలిగి, చేపల బరువు కింద చర్మం చిట్లి, పైకి వచ్చేసరికి మొప్పల్లో బురద నిండి ఉంటుంది. రెండు మూడు రోజులు బతికినట్టే కనిపించి పోతుంది. తెప్ప మీద వెళ్ళేవాళ్ళకు బోనులోనో, ఖాళీ గుల్లలోనో దొరికినది, ఒడ్డు నుంచి లాగే వలలో చివర్లో వచ్చినది అయితే ఆశ ఉంటుంది. చర్మం మీద తెల్లటి పుండ్లు ఉండకూడదు. ఎనిమిది చేతులూ అంటుకునే పట్టు చూపాలి. వేలు దగ్గరికి తెస్తే రంగు మారాలి. ఒక చేయి కొస తెగి ఉన్నా భయం లేదు, కొన్ని నెలల్లో మళ్ళీ మొలుస్తుంది.

చిన్నగా, పసుపుపచ్చగా, ఒంటి నిండా నీలి వలయాలతో కనిపిస్తే?

ముట్టుకోవద్దు. బకెట్లో ఉన్నా చేయి పెట్టవద్దు. నీలి వలయాల ఆక్టోపస్ లాలాజలంలో టెట్రోడోటాక్సిన్ ఉంటుంది. దానికి విరుగుడు మందు లేదు. కాటు నొప్పి కూడా పెట్టకపోవచ్చు, కానీ నిమిషాల్లో కండరాలు చచ్చుబడి ఊపిరి ఆగుతుంది. వెంటనే 108కి ఫోన్ చేసి, ఆసుపత్రికి చేరేదాకా నోటితో ఊపిరి అందిస్తూ ఉండాలి. విషం దిగిపోయే వరకు శ్వాస నిలబెడితే మనిషి బతుకుతాడు. వలయాలు ఎప్పుడూ మెరుస్తూ ఉండవు, బెదిరినప్పుడే మెరుస్తాయి. కాబట్టి ఏ జాతో తేల్చుకోలేని చిన్న ఆక్టోపస్ ఏదీ ఇంటికి తేవద్దు.

మామూలు ఆక్టోపస్ కూడా చిలుక ముక్కులాంటి దవడతో కొరకగలదు, దాని ఉమ్మిలోనూ కొంత విషం ఉంటుంది. సబ్బుతో కడిగి, వాపు పెరిగితే డాక్టరుకు చూపించండి.

ఎంత పెద్ద ట్యాంకు కావాలి?

చిన్న జాతికి కనీసం 4 అడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు. లెక్కకు 255 లీటర్లు. గాజు 10 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. నీళ్ళు, గాజు, ఇసుక, స్టాండు కలిపి నాలుగు వందల కిలోల దాకా వస్తుంది. మేడ మీద గదిలో అయితే స్లాబు మధ్యలో కాకుండా గోడ వారగా, దూలం మీద భారం పడేలా పెట్టండి.

కింద 60 లీటర్ల సంప్, అంటే ట్యాంకు నీళ్ళు దిగి శుభ్రపడి తిరిగి పైకి వెళ్ళే రెండో తొట్టి, ఉంటే మంచిది. ఆక్టోపస్ మాంసాహారి, తిన్నదానికి తగ్గ మురికి వదులుతుంది. అదే సైజు చేపకు రెండు మూడింతలు అనుకోండి. అందుకని ప్రోటీన్ స్కిమ్మర్ (బుడగలతో నీటిలోని మురికిని నురగలా తీసే పరికరం) ట్యాంకుకు రెట్టింపు సామర్థ్యంది తీసుకోవాలి. 255 లీటర్లకు 500 లీటర్ల స్కిమ్మర్. పంపు నీళ్ళు పీల్చే ప్రతి చోటా ముతక స్పాంజి తొడగండి. లేకపోతే చేయి కొస అందులోకి వెళ్ళి ముక్కలవుతుంది.

మూత గురించి అంత నొక్కి ఎందుకు చెబుతారు?

ఇంట్లో పెంచే ఆక్టోపస్‌లు ప్రాణం పోగొట్టుకునే పెద్ద కారణాల్లో అదొకటి. దాని ఒంట్లో ఎముక లేదు. గట్టి భాగం చిలుక ముక్కులాంటి దవడ ఒక్కటే. దవడ పట్టే కంతలో నుంచి ఒళ్ళంతా జారిపోతుంది. న్యూజిలాండ్‌లోని నేపియర్ జాతీయ అక్వేరియంలో ఇంకీ అనే ఆక్టోపస్ 2016లో ట్యాంకు మూత సందులోంచి బయటపడి, నేల మీద పాక్కుంటూ మురుగు పైపులోకి దిగి సముద్రంలోకి పోయింది. మన ఇళ్ళలో సోఫా కింద ఎండిపోతుంది, అంతే తేడా.

రాత్రి లైటు తీశాక గమనించండి. ఒక చేయి గాజు పై అంచు పట్టుకుని, కొసతో మూత చుట్టూ నెమ్మదిగా తడుముకుంటూ పోతుంది. వైరు దూరిన చోట ఆగుతుంది. అక్కడ కొస లోపలికి పెట్టి, వెనక్కి తీసి, మళ్ళీ పెడుతుంది. ఆ చోట వదులు లేదని మీరు అనుకున్నా అది రెండో రాత్రీ అక్కడికే వస్తుంది.

మూత 8 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ లేదా యాక్రిలిక్ షీటుతో చేయించండి. పల్చటి షీటు తేమకు వంగి మూలల్లో లేస్తుంది. నాలుగు వైపులా కొక్కేలో, బిగించే క్లిప్పులో ఉండాలి. ఇటుక బరువు పెడితే సరిపోదు, అది షీటును తోసేస్తుంది. వైర్లు, పైపులు వచ్చే చోట కంతను కచ్చితంగా ఆ కొలతకే కోసి, మిగిలిన సందులో గట్టి స్పాంజి కూరండి. గాలి ఆడటానికి చేసే కిటికీకి సన్న కంతల ప్లాస్టిక్ జాలీ, దానిని అంచుల వెంట సిలికాన్‌తో అతికించాలి. ఇనుప జాలీ తుప్పు పడుతుంది. ట్యాంకు నీళ్ళు సంప్‌లోకి దిగే ఓవర్‌ఫ్లో నోటికి కూడా జాలీ మర్చిపోవద్దు. సంప్‌లోకి దిగినది సంప్ మూత లేక బయటికి వచ్చేస్తుంది.

బీచ్ నుంచి డ్రమ్ములతో నీళ్ళు తెచ్చుకుంటే పోదా?

తెచ్చుకోవచ్చు, కానీ ఎప్పుడు, ఎక్కడ అన్నది చూడాలి. ఆక్టోపస్ ఒంటికి ఉప్పు తేడాను సర్దుకునే శక్తి లేదు. దానికి 34 నుంచి 36 పీపీటీ (వెయ్యి పాళ్ళ నీటిలో అన్ని పాళ్ళ ఉప్పు) కావాలి, 32 కిందికి దిగనివ్వకూడదు. మన తీరంలో వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కల్లేపల్లి దగ్గర, చంపావతి కోనాడ దగ్గర కలుస్తాయి. వీటికి తోడు గోదావరి, మహానదుల వరద కూడా బంగాళాఖాతంలోకే వస్తుంది. ఆగస్టు నుంచి నవంబరు దాకా ఒడ్డు నీటి ఉప్పదనం 30 కిందికి పడిపోతుంది. తేవాలంటే ఫిబ్రవరి నుంచి మే లోపు, నదీ ముఖాలకు దూరంగా, పోటు సమయంలో, వీలైతే కెరటాలు దాటి తెప్ప మీద వెళ్ళి నింపించాలి. వినాయక నిమజ్జనం అయిన తీరంలో, పరిశ్రమల గొట్టాలు సముద్రంలోకి దిగే చోట అసలు తీసుకోవద్దు. రంగుల్లోని లోహాలు ఆక్టోపస్‌కు విషం.

తెచ్చిన నీటిని 25 మైక్రాన్ల బట్ట ఫిల్టరుతో వడగట్టి, మూత వేసిన నల్ల డ్రమ్ములో రెండు మూడు వారాలు గాలి కొడుతూ ఉంచండి. ఆ తర్వాత అమ్మోనియా, ఉప్పు చూసి వాడాలి.

భోగాపురం, పూసపాటిరేగ వైపు రొయ్య పిల్లల హేచరీలున్నాయి. వాళ్ళ నీళ్ళు?

చాలా మందికి ఇదే నమ్మకమైన దారి. వడగట్టిన నీళ్ళు, ఉప్పు లెక్క తెలిసిన మనుషులు దొరుకుతారు. రెండు విషయాలు అడిగి తెలుసుకోండి: క్లోరిన్ వేశారా, వేస్తే ఎప్పుడు తీశారు, మందులు, శానిటైజర్లు కలిపే ముందు నీళ్ళా, తర్వాతవా. మందులు కలిపిన తొట్టి నీళ్ళు వద్దు. క్లోరిన్ మిగిలి ఉంటే సోడియం థయోసల్ఫేట్ వేసి, ఒక రోజు గాలి కొట్టి, క్లోరిన్ టెస్ట్ కిట్‌తో సున్నా అని తేలాకే పోయాలి.

ఉప్పదనం కొలవడానికి రొయ్యల చెరువుల వాళ్ళు వాడే రిఫ్రాక్టోమీటరే మనకూ పనికొస్తుంది. ఆక్వా మందుల షాపుల్లో దొరుకుతుంది. మంచినీళ్ళతో సున్నా సరిచూస్తే చాలదు, 35 పీపీటీ ద్రావణంతో కూడా సరిచూడండి. చవక మీటర్లు పై అంకెల దగ్గర రెండు మూడు పాయింట్లు తప్పు చూపుతాయి.

నౌపడ ఉప్పు కలిపితే సముద్రపు నీళ్ళు అయిపోవా?

అవ్వవు. మడుల్లో నీళ్ళు ఆరేటప్పుడు ముందు కాల్షియం లవణాలు అడుగుకు దిగుతాయి, తర్వాత సోడియం క్లోరైడ్ గడ్డ కడుతుంది. మెగ్నీషియం చివర మిగిలే చేదు నీటిలోనే ఉండిపోతుంది, దాన్ని వదిలేస్తారు. గల్లు ఉప్పు అంటే దాదాపు సోడియం క్లోరైడ్ మాత్రమే. దాన్ని మళ్ళీ నీటిలో కరిగిస్తే సముద్రం తిరిగి రాదు. మెరైన్ సాల్ట్ మిక్స్ అని అమ్మేది వేరు. లీటరుకు సుమారు 35 గ్రాములు. ట్యాంకు, సంప్ కలిపి 300 లీటర్లకు 10 కిలోల 500 గ్రాములు. ముందు నీళ్ళు, తర్వాత ఉప్పు, 24 గంటలు పంపు తిప్పాలి.

కలిపే నీళ్ళు బోరువి కాకూడదు. ఇంటి ఆర్‌ఓ నీళ్ళలోనూ టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) 20 నుంచి 50 ఉంటుంది, దాని తర్వాత మిగిలిన లవణాలను పట్టే డీఐ రెసిన్ గొట్టం ఒకటి పెట్టి 5 లోపుకు దించండి. ఆవిరైన నీటికి బదులు పోయాల్సింది ఈ మంచినీళ్ళే. ఉప్పునీళ్ళు పోస్తే ఉప్పు రోజురోజుకూ పెరుగుతుంది.

రాగి బిందెలో నీళ్ళు పట్టి ఉంచవచ్చా?

కూడదు. రాగి బిందె, ఇత్తడి కుళాయి, ఇత్తడి వాల్వు, రాగి కాయిల్ ఉన్న చిల్లర్ ఏదీ ఉప్పునీటిని తాకకూడదు. ఆక్టోపస్ నీలి రక్తంలో ఉండేదీ రాగే, అయినా నీటిలో కరిగిన రాగి కాస్త ఎక్కువైనా చంపేస్తుంది. చేపల తెల్లమచ్చ రోగానికి రాగి మందు వాడిన పాత ట్యాంకును చవకగా ఇస్తామంటే తీసుకోవద్దు. సిలికాన్‌లోకి, రాళ్ళలోకి ఇంకిన రాగి నెలల తరబడి ఊరుతూనే ఉంటుంది.

ఇసుక, రాళ్ళు మన బీచ్‌వి వేయవచ్చా?

మన తీరపు ఇసుకలో నల్లటి చారలు చూసే ఉంటారు, అవి ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలు. వద్దు. అరగొనైట్ ఇసుక కొని 5 నుంచి 8 సెంటీమీటర్ల మందం వేయండి, పీహెచ్ 8.1 నుంచి 8.3 మధ్య నిలబడటానికీ సాయపడుతుంది. బతికిన పగడపు రాయి మాత్రం ఎవరు అమ్మినా కొనకండి. పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. సిరామిక్ రాళ్ళు, మెరుగు పూయని మట్టి కుండ పెంకులు, పీవీసీ పైపు ముక్కలు చాలు. దూరడానికి కనీసం రెండు గుహలు ఉండాలి. రాళ్ళు ముందు పేర్చి తర్వాత ఇసుక పోయండి, లేకపోతే అది కింద తవ్వి రాళ్ళు మీద పడేసుకుంటుంది.

నీళ్ళు పోసిన వెంటనే తేవచ్చా?

మూడు నెలలు ఆగాలి. మురికిని అరిగించే బ్యాక్టీరియా పెరగడానికి పచ్చి రొయ్య ముక్క ఒకటి వేసి కుళ్ళనివ్వండి. అమ్మోనియా పెరిగి, తగ్గి, నైట్రైట్ పెరిగి, అదీ తగ్గడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. తర్వాత 2 పీపీఎం (పది లక్షల పాళ్ళలో రెండు) అమ్మోనియా వేస్తే 24 గంటల్లో సున్నాకు రావాలి. మిగిలిన వారాల్లో రోజూ ఒక రొయ్య వంతు మురికిని ట్యాంకు మోయగలదా అని చూడండి. నైట్రేట్ 20 పీపీఎం దాటకూడదు. వారానికి పదో వంతు నీళ్ళు మార్చడం జీవితాంతం తప్పదు.

ఎండాకాలంలో ఏం చేయాలి?

చిల్లర్ లేకుండా కుదరదు. మన ఇళ్ళలో ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకు నీళ్ళు 31, 32 డిగ్రీలకు చేరతాయి. ఇక్కడి ఉష్ణమండల జాతులకు 24 నుంచి 27 మధ్య ఉంచాలి. నీళ్ళు వేడెక్కితే కరిగిన ఆక్సిజన్ తగ్గుతుంది, అదే సమయంలో జంతువుకు ఎక్కువ ఆక్సిజన్ కావాలి, తిండీ ఎక్కువ తింటుంది, త్వరగా ముసలిదవుతుంది. ఫ్యాను పెడితే చాలదా అంటే, ఫ్యాను పని చేసేది నీళ్ళు ఆవిరైతేనే. మన తేమ గాలిలో ఆవిరి తక్కువ, పైగా మూత బిగించి ఉంచుతాం. టైటానియం కాయిల్ ఉన్న పావు హెచ్‌పీ చిల్లర్ తీసుకోండి. 300 వాట్ల చిల్లర్ రోజుకు 12 గంటలు తిరిగితే 3.6 యూనిట్లు, పంపులు 75 వాట్లు రోజంతా తిరిగితే 1.8 యూనిట్లు. నెలకు 160 యూనిట్లు దాటుతుంది, స్లాబు మారి బిల్లు ఎక్కువే వస్తుంది. చిల్లర్ వేడి గాలిని గది బయటికి వదిలేలా పెట్టకపోతే గదీ వేడెక్కి చిల్లరూ ఆగదు.

తుఫాను వస్తే?

దీనికి ముందే సిద్ధంగా లేకపోతే ఆక్టోపస్ పెంచవద్దని గట్టిగా చెబుతాం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం పల్లెల్లో చాలా రోజులు కరెంటు లేదు. అక్టోబరు, నవంబరు వస్తున్నాయంటే ఈ పనులు పూర్తయి ఉండాలి.

12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో లెక్కకు 1800 వాట్ అవర్లు. నష్టాలు పోను పంపు, స్కిమ్మర్, ఎయిర్ పంపు కలిపి 75 వాట్లు 15 గంటలు నడుస్తాయి. స్కిమ్మర్ తీసేసి 10 వాట్ల ఎయిర్ పంపును రెండు ఎయిర్ రాళ్ళతో (గాలిని బుడగలుగా వదిలేవి) నడిపితే రోజులు వస్తుంది. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌దే కావాలి, చవక రకం మీద పంపులు గుర్రుమని వేడెక్కి కాలిపోతాయి. సెల్ బ్యాటరీల ఎయిర్ పంపు ఒకటి వేరుగా ఉంచండి. లీటరు సీసాల్లో నీళ్ళు గడ్డ కట్టించి డీప్ ఫ్రీజర్‌లో నింపుకోండి, వేడెక్కితే సీసానే తేలనివ్వాలి. ఐసు ముక్కలు నేరుగా వేస్తే ఉప్పు పడిపోతుంది. కలిపి ఉంచిన ఉప్పునీళ్ళు 100 లీటర్లు మూలన ఉండాలి. కరెంటు లేనన్నాళ్ళు తిండి పెట్టవద్దు, మూడు నాలుగు రోజులు తినకపోతే దానికేమీ కాదు. తడి చేతులతో తిరిగే చోటు కాబట్టి ట్యాంకు ప్లగ్గులన్నింటికీ 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ తగలకుండా కరెంటు ఆపేసే స్విచ్) తప్పనిసరి.

తెచ్చిన రోజు ట్యాంకులోకి ఎలా వదలాలి?

సంచిని చీకటిగా ఉన్న బకెట్‌లోకి నీళ్ళతో సహా దించి, ఎయిర్ రాయి వేసి, సన్న గొట్టంతో ట్యాంకు నీళ్ళు సెకనుకు రెండు మూడు చుక్కలు పడేలా రెండు మూడు గంటలు ఉంచండి. ఉప్పు తేడా 1 పీపీటీ లోపుకు వచ్చాకే మార్చాలి. దారిలో సిరా వదిలి ఉంటే ఇంత సేపు ఆగకండి, వెంటనే శుభ్రమైన నీటిలోకి మార్చండి. నీళ్ళు ఉన్న డబ్బాతోనే ఎత్తాలి. మొదటి రెండు మూడు రోజులు లైటు వేయవద్దు, గాజు మీద కొట్టవద్దు. రాత్రి చూడాలనుకుంటే మసక ఎర్ర లైటు సరిపోతుంది.

ఏం పెట్టాలి? వేట నిషేధం రోజుల్లో?

పీతలు, రొయ్యలు, గుల్లలు. రోజుకు ఒకసారి, దాని తల సంచి కంటే చిన్న ముక్క. పుల్లకు గుచ్చిన రొయ్యను గుహ ముందు ఆడిస్తే ఒక చేయి వస్తుంది. కొస తాకుతుంది, చేతి అడుగున పట్టుకునే గుండ్రటి గిన్నెలు ఒక్కొక్కటే అంటుకుంటాయి, ఆ తర్వాత రొయ్య ఒక గిన్నె నుంచి ఇంకో గిన్నెకు మారుతూ నోటి దాకా పోతుంది. పీత కొండేలు విరిచి వేయండి, పెద్ద పీత చేయి కత్తిరించగలదు. మంచినీటి చేపలు వద్దు. రెండు మూడు గంటల తర్వాత పెంకులు, మిగులు తీసేయాలి.

మరబోట్ల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉంటుంది. మార్చిలోనే రొయ్యలు, పీతలు చిన్న పొట్లాల్లో ఫ్రీజ్ చేసుకోండి. చెరువు వనామీ రొయ్య పెట్టవచ్చు, రంగు చెడకుండా రసాయనం అద్దనిది చెరువు గట్టు మీదే అడిగి తీసుకుంటే మంచిది.

చేపలతో కలిపి పెంచవచ్చా? రెండు ఆక్టోపస్‌లు?

చేపల్ని తింటుంది. ఇంకో ఆక్టోపస్‌నూ తింటుంది. నత్తలు, పెళుసు చేతుల సముద్ర నక్షత్రాలు కొన్నాళ్ళు మిగలవచ్చు.

సిరా వదిలితే ఏం చేయాలి?

సముద్రంలో అది కొట్టుకుపోతుంది. ట్యాంకులో మొప్పల మీద జిగురుగా పేరుకుని దానికే ఊపిరాడదు. స్కిమ్మర్ తిరుగుతూ ఉండనివ్వండి, యాక్టివేటెడ్ కార్బన్ కొత్తది 200 గ్రాములు సంప్‌లో వేయండి, సగం నీళ్ళు మార్చండి. అందుకే కలిపి ఉంచిన ఉప్పునీళ్ళు ఎప్పుడూ చేతిలో ఉండాలి. ఎందుకు బెదిరిందో కూడా చూడండి: లైటు ఒక్కసారిగా వేయడం, తలుపు దబాలున మూయడం, గాజుకు ఆనుకుని దీపావళి టపాసుల వెలుగు.

ఊరికే కూర్చుంటుంది. విసుగు పుడుతుందా?

పుడుతుంది. దానికి దాదాపు 50 కోట్ల నాడీకణాలు, మూడింట రెండు వంతులు చేతుల్లోనే. పని లేకపోతే మూత మీద, పంపు మీద పడుతుంది, లేదా తన చేతులే కొరుక్కుంటుంది. మర మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పీత పెట్టి ఇవ్వండి. మొదట వదులుగా, నేర్చుకున్నాక బిగించి. కొబ్బరి చిప్పలు మార్జినేటస్‌కు ఇష్టం. రెండు చిప్పల మధ్య దాక్కోవడం, వాటిని మోసుకుపోవడం ఇండోనేషియాలో గమనించి శాస్త్రవేత్తలు 2009లో ప్రకటించారు. ఉద్దానం కొబ్బరికి కొరత లేదు కదా. లోపలి గుజ్జు, పీచు పూర్తిగా గీకి, రెండు సార్లు ఉడకబెట్టి, నీళ్ళకు రంగు దిగడం ఆగే దాకా వారం పది రోజులు నానబెట్టి వేయండి. మెత్తబడితే మార్చేయండి.

తిండి మానేసింది. రోగమా, ముసలితనమా?

ముందు నీళ్ళు చూడండి: అమ్మోనియా, నైట్రైట్, ఉప్పు, వేడి. అన్నీ బాగుండి, వారం దాటినా తినక, పగలు కూడా గమ్యం లేకుండా తిరుగుతూ, చేతి కొసలు మెలితిరిగి, చర్మం మీద తెల్ల మచ్చలు వస్తే అది ముసలితనం. మందు లేదు. ఆడదైతే గుడ్లు పెట్టి ఉండవచ్చు, గుహలో పైకప్పుకు వేలాడే తెల్లటి గుత్తులు చూడండి. సముద్రంలోనే జత కట్టి వచ్చిన ఆడది నెలల తర్వాత కూడా గుడ్లు పెట్టగలదు. అప్పటి నుంచి తిండి మాని గుడ్లకే గాలి ఊదుతూ, అవి పొదిగాక చనిపోతుంది. దాన్ని గుహలోంచి లాగవద్దు. చిన్న గుడ్ల జాతుల పిల్లలు నీటిలో తేలాడే చుక్కలంత ఉంటాయి, ఇంట్లో పెంచడం సాధ్యం కాదు.

మగదా ఆడదా అన్నది కుడివైపు మూడో చేయి కొస చూసి చెప్పవచ్చు. మగదానికి ఆ కొసన గిన్నెలు ఉండవు.

మరీ బాధపడుతుంటే ఫ్రిజ్‌లో పెట్టడం, మంచినీళ్ళలో వేయడం క్రూరం. పశువైద్యుడి చేత మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణంతో మత్తు ఇప్పించి నొప్పి లేకుండా ముగించాలి.

ఇక పెంచలేకపోతే సముద్రంలో వదిలేయవచ్చా?

దూరం నుంచి వచ్చినదైతే ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మన తీరంలోనే పట్టి, ఒకటి రెండు రోజుల్లో మనసు మార్చుకున్నారంటే పట్టిన చోటే తిరిగి వదలండి. నెలల తరబడి ట్యాంకులో ఉన్నది వేరే జంతువుల రోగాలు మోసుకుపోతుంది, మనిషి చేయి చూస్తే దగ్గరికి వస్తుంది.

అది పోయాక ట్యాంకు ఏం చేయాలి?

కళేబరాన్ని గంటల్లోపే తీయాలి, మెత్తటి ఒళ్ళు త్వరగా కుళ్ళి అమ్మోనియా పెరుగుతుంది. మూడో వంతు నీళ్ళు మార్చి, కొత్త కార్బన్ వేసి, గుహలన్నీ ఎత్తి కింద దాచుకున్న పెంకులు ఏరేయండి. పంపులు ఆపవద్దు. రెండు రోజులకోసారి చిన్న రొయ్య ముక్క వేస్తూ ఉంటే బ్యాక్టీరియా బతికి ఉంటుంది. ఇంకోదాన్ని తేవాలనుకుంటే నాలుగు వారాలు ఆగి, అమ్మోనియా పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చేసి, మూత కొక్కేలు, స్పాంజిలు మార్చి అప్పుడు తెచ్చుకోండి.